రెండు అంతస్తుల నీడ

నేను ఒక అపార్ట్‌మెంటుని. కంగారు పడకండి, మీ పక్క స్థలంలో లేవబోయేదాన్ని కాను. భోజనాల బల్ల మీద పెడితే పప్పుగిన్నెకీ పచ్చడి జాడీకీ ఇంకా చోటు మిగిలేంత దాన్ని. అసలు మేడ కట్టబోయే ముందు అది ఇలా ఉంటుందని చూపించడానికి చేయించుకునే నమూనాని. పెళ్ళిచూపులకి ముందు ఫోటో పంపినట్టన్నమాట. ఫోటోలో అందరూ తెల్లగానే ఉంటారు. నేనూ అంతే.

నన్ను చేసినవాడు నజీర్. అంతకుముందు పెళ్ళిమండపాలకి థర్మోకోల్ ఏనుగులూ హంసలూ చెక్కేవాడు. జనం పూలమండపాల మీద మోజు పడ్డాక ఇతను మేడల మీద పడ్డాడు. తెల్లటి అట్టలు కోసి నాకు గోడలు లేపాడు, నీలం ప్లాస్టిక్ కాగితం అంటించి కిటికీలు పెట్టాడు. అతని భార్య రజియా స్పాంజిని ముక్కలు చేసి, ఆకుపచ్చ రంగులో ముంచి, తీగలకి గుచ్చి చెట్లు తయారు చేసింది. వాటికి నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఆకులు రాలవు, ఊడ్చే పని లేదు. మనుషులు నిజంగా కోరుకునేది అలాంటి చెట్లనే అని నాకు తర్వాత తెలిసింది.

నజీర్‌కి ఒక పట్టింపు ఉంది. కొలత తప్పితే అతనికి అన్నం సయించదు. అసలు స్థలానికి వెళ్ళి టేపు పట్టి, చుట్టుపక్కల ఇళ్ళు కూడా కొలుచుకొచ్చాడు. వాటినీ చేసి నా పక్కన పెడతానన్నాడు. నన్ను చేయించుకుంటున్న బిల్డరు సత్తిరాజు గారు ఒప్పుకోలేదు. పక్కన పాత డాబాలుంటే కొత్త మేడ కళ తగ్గుతుందట. అలా నేను ఇరుగూ పొరుగూ లేకుండా పుట్టాను. అత్తగారూ ఆడపడుచూ లేని సంబంధంలా, చూడటానికి భలే హాయిగా ఉన్నాను.

గోదావరి కాలువ పక్కన ఉన్న ఒక చిన్న ఊళ్ళో, మూతబడిన రైసుమిల్లు స్థలంలో నా అసలు రూపం లేవాలి. అక్కడ నాలుగంతస్తుల వరకే అనుమతి. సత్తిరాజు గారు నియమం సడలించి ఇంకో రెండు ఇప్పించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నారు. కాబట్టి నజీర్ నన్ను ఆరంతస్తులతో కట్టాడు. తూర్పున రోడ్డు ఉంది గనుక నా ముఖం అటు. దక్షిణాన మురుగుకాలువ ఉంది గనుక అటు ఖాళీ వదలక తప్పలేదు. ఆ ఖాళీలో కార్ల షెడ్డు, రజియా చెట్లు వచ్చాయి. ఉత్తరాన మాత్రం ప్రహరీగోడని దాదాపు రాసుకునేలా ఉంటాను. అటు వంటిళ్ళ పొగ గొట్టాలు, మురుగు పైపులు, కిటికీ లేని పొడుగాటి గోడ. నెత్తిన నీళ్ళ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతి మూల. ఉత్తరాన ఖాళీ ఎక్కువ వదలాలన్న వాస్తు కూడా సత్తిరాజు గారికి తెలుసు. కానీ ట్యాంకు ఏ మూల పెట్టినా అయ్యే ఖర్చు ఒకటే. ఖాళీకి మాత్రం చదరపు అడుగులు కరిగిపోతాయి.

ఆ ఉత్తరం ప్రహరీకి అవతల రత్నమాణిక్యం గారి డాబా ఉంది. ఆవిడ భర్త ఒకప్పుడు ఆ మిల్లులోనే గుమాస్తా. మిల్లు మూతబడ్డాక ఆయనకి పని పోయింది, ఆవిడకి పని మొదలైంది. డాబా మీద గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, అప్పడాలు ఎండబెట్టి ఊళ్ళో కొట్లకి వేస్తుంది. వీధిలో మరో ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడ దగ్గర పనిచేస్తారు. ఆ ఇంట్లో సంపాదించేది ఎండ ఒక్కటే, మిగిలినవాళ్ళంతా దానికి సాయం. పక్కన ఆరంతస్తులు లేస్తే ఆ ఎండ ఉంటుందా పోతుందా అన్నదే ఆవిడ దిగులు. అర్జీ మీద అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని మున్సిపాలిటీ వాళ్ళు మిల్లు గేటుకి కాగితం అంటించిన రోజు నుంచీ ఆవిడకి పిండి పులుపు కూడా తెలియలేదు.

మాఘమాసంలో ఒక ఉదయం, మున్సిపల్ స్కూలు హాల్లో విచారణ పెట్టారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు హైమావతి గారు హాలు పడమటి చివర వేదిక మీద కూర్చున్నారు. ఆవిడ ముందు బల్ల మీద నన్ను దించారు. సత్తిరాజు గారు మర్యాద తెలిసిన మనిషి. పెద్దల ముందు వీపు తిప్పి నిలబడటం బాగుండదని, నా ముఖాన్ని ఆఫీసరమ్మ వైపు తిప్పారు. పెళ్ళికూతుర్ని సర్ది కూర్చోబెట్టినట్టు రెండు చేతులతో అటూ ఇటూ సర్ది, తృప్తిగా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు.

ఆ ఊరివాళ్ళు దిక్కు చూసుకోకుండా మంచం వెయ్యరు, పొయ్యి పెట్టరు. బస్సులో కూడా కాస్త తూర్పుకి జరగమనే అంటారు. అందుకని నన్ను చూడమని పిలవగానే, ఎవరి ఇల్లు ఎటు ఉందో వాళ్ళు అటు వచ్చి నిలబడ్డారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ళ కాళ్ళకే తెలుసు. రత్నమాణిక్యం గారు ఉత్తరం పక్క నిలబడింది. మురుగుకాలువకి అవతల ఇల్లున్న భాస్కరం మేష్టారు దక్షిణం పక్క నిలబడ్డారు. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వీధి సంఘానికి అధ్యక్షుడు.

రత్నమాణిక్యం గారు వంగి చూసింది. ఎదురుగా చెట్లు, వాటి వెనక షెడ్డు, ఆ తర్వాత ఎక్కడో మేడ. ఆవిడ ముఖంలో నెలరోజుల ముడి వీడటం నేను దగ్గర్నుంచి చూశాను. ఇంత ఎడం వదిలారా అని మెల్లిగా అనుకుంది. ఆఫీసరమ్మ అడగ్గానే, “నాకేం అభ్యంతరం లేదండి. చెట్లు కూడా వేస్తున్నారు పాపం” అంది. మున్సిపాలిటీ గుమాస్తా రాసుకున్నాడు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది సత్తిరాజు గారే. గొడవంటూ వస్తే ఆవిడతోనే వస్తుందని ఆయన భయపడుతూ వచ్చారు.

ఇక మేష్టారు అందుకున్నారు. ఆయన కళ్ళముందున్నది పైపుల గోడ. తాను వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునే వేళకి ఆరు వంటిళ్ళ తాలింపు ముక్కులో దూరుతుందని, ఇది పౌరుడి ప్రశాంతత మీద దెబ్బ అని, సభ్యసమాజం దీన్ని సహించదని చాలాసేపు చెప్పారు. కాలువ కంపు ఇన్నాళ్ళూ సహించిన సభ్యసమాజం గురించి ఎవరూ గుర్తు చెయ్యలేదు. చివర్లో ఆయన చెయ్యెత్తి నా నెత్తి మీదికి చూపించి ఆగిపోయారు.

“నాకు వాస్తు మీద బొత్తిగా నమ్మకం లేదు గానీ సత్తిరాజు గారూ, ఈశాన్యంలో ట్యాంకేమిటండీ?”

హాలంతా గుసగుసలు. ఈశాన్యంలో బరువు పెట్టడమంటే ఆ ఊళ్ళో అన్నం తినే కంచంలో చెయ్యి కడుక్కోవడం లాంటిది. సత్తిరాజు గారు నొచ్చుకున్నారు. “ఈశాన్యంలో ట్యాంకు పెట్టేంత తెలివితక్కువవాణ్ణాండీ నేను? అది నైరుతండి బాబూ.”

అన్నాక, ఆ మాట ఆయనకే వినిపించింది. కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూశారు. నా వైపు చూశారు. అందరూ ఒకసారి ఎండ వైపూ ఒకసారి నా వైపూ చూశారు. నేనేం చెయ్యను, నిలబెట్టినట్టు నిలబడ్డాను.

సత్తిరాజు గారు లేచి వచ్చి, ముఖం తూర్పుకి వచ్చేలా నన్ను సగం చుట్టు తిప్పారు. మేష్టారి ముందుకి చెట్లొచ్చాయి. రత్నమాణిక్యం గారి ముందుకి గోడ వచ్చింది. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని, ఊరన్నాక అభివృద్ధి ఉండాలి, చీటికీ మాటికీ అడ్డుపడకూడదు అని సెలవిచ్చి కూర్చున్నారు. రత్నమాణిక్యం గారు మాత్రం నిలబడే ఉంది. గోడ అడుగు నుంచి పైకి, కిటికీ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతున్నట్టు చూసింది.

“ఇందాక నేనన్న మాట వెనక్కి తీసుకుంటానండి” అంది.

రాసేశానండి అన్నాడు గుమాస్తా, తాను రాసింది శిలాశాసనం అయినట్టు. హైమావతి గారు అతని వైపు తిరిగి, “ఆవిడ మాటిచ్చింది చెట్లకయ్యా, ఈ గోడకి కాదు. కొట్టేసెయ్” అన్నారు.

సత్తిరాజు గారు చెడ్డమనిషి కాదు. ఓపిగ్గా నచ్చజెప్పబోయారు. సూర్యుడు ఎండాకాలంలో నడినెత్తికి వస్తాడనీ, అప్పుడు మేడ నీడ ఆవిడ డాబా మీద పడనే పడదనీ, కావాలంటే ఇంజనీరు చేత గీయించి చూపిస్తాననీ అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

“ఎండాకాలంలో నీడ పడితే మీకు దణ్ణం పెడతానండి” అంది రత్నమాణిక్యం గారు. “గుమ్మడి వడియాలు మాఘంలో పెడతామండి. మాకు ఎండ కావాల్సింది ఇప్పుడు. ఆడంగులంతా ఇప్పుడు కూడా డాబా మీదే ఉన్నారు, కాకుల్ని తోలుకుంటా.”

ఇప్పుడంటే ఇప్పుడే చూద్దాం పదండి అని హైమావతి గారు లేచారు. నన్ను స్కూలు ఆవరణలోకి మోసుకెళ్ళారు. ఒక పక్క పట్టుకున్నది మేష్టారే. అభివృద్ధిని దగ్గరుండి చూడాలని కాబోలు. ఈసారి ముగ్గురు నలుగురు సూర్యుణ్ణి చూసి, వాదించుకుని, నా ముఖం తూర్పుకి తిప్పి దించారు. నన్నెవరైనా విరగ్గొడతారేమోనన్న బెంగతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ నజీర్ అప్పుడు ముందుకొచ్చాడు. తరగతిలోంచి ఖాళీ సుద్దముక్కల పెట్టె ఒకటి తెప్పించి, జేబులోంచి బ్లేడు తీసి దాన్ని ఎత్తు తగ్గించి కోశాడు. నాకు ఉత్తరంగా, కొలత ప్రకారం ఎడం వదిలి పెట్టాడు. పుట్టాక నాకు మొదటిసారి ఒక పొరుగిల్లు వచ్చింది.

నా నీడ ఆ పెట్టె మీద పడింది. అంచు కూడా మిగల్లేదు.

రత్నమాణిక్యం గారు మట్టిలో గొంతుక్కూచుని, ఆ నీడలో వేలు పెట్టింది. “ఇక్కడ మిరపకాయలు పోస్తామండి. ఇక్కడ వడియాల గుడ్డలు. ఈ మూల మేం నలుగురం కూర్చుంటాం” అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఇంట్లో సామాను ఎక్కడ సర్దాలో పనివాళ్ళకి చెబుతున్నట్టు చెప్పింది.

సత్తిరాజు గారు చాలాసేపు ఆ పెట్టెనే చూశారు. నజీర్ బ్లేడు చేతిలో పట్టుకుని ఆయన వైపు చూశాడు. కొయ్యమంటారా అని అడిగాడు.

“కొయ్యి. చూద్దాం” అన్నారాయన.

ట్యాంకు ఊడదీసి, పై అంతస్తు కోశాడు. నీడ పెట్టె మీద సగానికి తగ్గింది. ఇంకోటి కోశాడు. నీడ దక్షిణం అంచు దాకా వచ్చి, గడపలో చుట్టంలా మొహమాటంగా ఆగింది. నొప్పి పుట్టిందా అని మీరడగొచ్చు. చెయ్యి తిరిగినవాడు కోస్తే పుట్టదు. పైగా నెత్తిన ఎండ తగిలింది, బాగానే ఉంది.

హైమావతి గారు అక్కడే నిలబడి తేల్చేశారు. సడలింపు లేదు, నాలుగంతస్తులకే అనుమతి. నీడకి కూడా లెక్కుంటుందని ఇవాళే తెలిసిందండి అన్నారు సత్తిరాజు గారు. ఎండకి ఎవరూ పన్ను కట్టరు గదండీ, అందుకని మా ఫైళ్ళలో కూడా దానికి చోటు లేదు అన్నారావిడ. రత్నమాణిక్యం గారు ఈ మాటలకి ఉండలేదు. కాకులు గుర్తొచ్చి, నమస్కారం పెట్టి, గబగబా వెళ్ళిపోయింది.

తల తెగిన మేడని ఆఫీసులో పెట్టుకుంటే బేరాలు రావని సత్తిరాజు గారు నన్ను తీసుకెళ్ళలేదు. నన్నూ, నా రెండంతస్తుల్నీ స్కూల్లో విరిగిన బెంచీలు పెట్టే గదిలో పడేశారు. నేనక్కడ బల్లి గుడ్లకి కాపలా కాస్తూండగా, మిల్లు స్థలంలో అసలు మేడ లేచింది. ఫ్లాట్లన్నీ నిండాయట. రెండో అంతస్తులో దిగినావిడ ప్రహరీ మీదుగా బుట్ట దించి వడియాలు కొంటుందట. నీడ పడకూడదని కొట్లాడిన గోడకే కిటికీ ఒకటి పెట్టించమని రత్నమాణిక్యం గారు అడిగిందట, బేరం సులువవుతుందని. సత్తిరాజు గారు పెట్టించారు కూడా.

దసరాకి రత్నమాణిక్యం గారు బొమ్మల కొలువు తీరుస్తుంది. ఈసారి మెట్లమీద కొత్తదేమైనా పెట్టాలని హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగి నన్ను తెచ్చుకుంది. దుమ్ము దులిపి కింది మెట్టు మీద నిలబెట్టింది, ముఖం తూర్పుకే. కోసేసిన రెండంతస్తుల్ని పారెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు. పై మెట్టు మీద విడిగా, మరో ఇల్లులా పెట్టింది. దాని ముందు లక్క పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ నిలబెట్టి, గుమ్మానికి రెండు మామిడాకులు కట్టింది. పేరంటానికి వచ్చినవాళ్ళలో మేష్టారి భార్య, ఈ రెండో ఇల్లెవరిదని అడిగింది. ఇది అనుమతి రాని ఇల్లు వదినగారూ, అందుకే మా ఇంట్లో కట్టుకున్నాం అంది రత్నమాణిక్యం గారు శనగలు పెడుతూ.

పగలంతా డాబా మీద అప్పడాలు ఎండుతున్న వాసన వస్తూంటుంది. సాయంత్రం ప్రమిదలు వెలిగిస్తే ఆ రెండంతస్తుల నీడ పొడుగ్గా సాగి, పక్కనున్న కొండపల్లి ఏనుగు మీద పడుతుంది. అది ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు.