పచ్చి బాలింత

అఖిల ఇంట్లో ఉందో లేదో తెలియాలంటే తలుపు కొట్టక్కర్లేదు, పాలక్యాన్ల మోత వింటే చాలు. ఆమె భర్త నర్సింహ పొద్దున్నే లూనాకు క్యాన్లు తగిలించుకుని జల్‌పల్లి నుంచి శాలిబండ హోటళ్లకు పాలు పోసొస్తాడు. వస్తూనే ఖాళీ క్యాన్లన్నీ పెరట్లో బండ దగ్గర దబదబ పడేస్తాడు. ఇక మధ్యాహ్నమంతా ఆమెకు పీచు, బూడిద, పులిసిన పాలకంపు.

ఆ రోజు బూడిదకుప్ప పక్కన గడ్డి కదిలింది. ఎలుకేమోనని చీపురెత్తింది. చూస్తే రెండు కుందేలు పిల్లలు, గుప్పెడేసి ఉన్నాయి, ఒకదాన్నొకటి హత్తుకుని వణుకుతున్నాయి. పక్కనున్న ఖాళీ ప్లాట్ల తుప్పల్లోంచి వచ్చి తల్లి ఇక్కడ ఈనినట్టుంది.

అత్త ఎల్లమ్మ వంగి చూసి చెంపలేసుకుంది.

"అయ్యో, పచ్చి బాలింత! మాపటీలి పాలియ్యనీకి వస్తది. ఈడ సప్పుడు జెయ్యొద్దు బిడ్డా. పాలిచ్చే తల్లిని ఎల్లగొడ్తే మన బర్లు పాలు చేపవు."

బర్ల మాట చెవిన పడగానే నర్సింహ మంచం దిగాడు. "గట్లయితే క్యాన్లు నేనే కొట్టం కాడ కడుక్కుంట. నువ్వు బండ దిక్కు పోకు."

అఖిలకు కొడుకు నందు పుట్టినప్పుడు, పురుడు వెళ్లిన మర్నాడే ఆమెను ఈ బండ ముందు కూర్చోబెట్టారు. నడుము లేస్తలేదు, నాలుగు దినాలు నువ్వు కడుగు అని బతిమాలితే, "మొగోడు క్యాన్లు తోమితే శాలిబండల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు ఈ నర్సింహే. "మేం కనలేదా? మాకు నడుముల్లేవా?" అంది ఈ ఎల్లమ్మే. అప్పుడు ఆమె కూడా పచ్చి బాలింతే. కాకపోతే ఆమె అలసిపోతే బర్లు పాలు ఆపవు. ఏడవాల్సిన చోట అఖిలకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని కడుపుబ్బా నవ్వింది.

ఆ తర్వాతి మధ్యాహ్నాలు ఆమెకు కొత్త. నందు నిద్రపోయాక గోడ నీడలో కాళ్లు చాపుకుని ఊరికే కూర్చునేది. ఇంత సుఖం ఉంటుందని మర్చేపోయింది. మసక పడ్డాక తల్లి కుందేలు వచ్చేది, కాసేపు పాలిచ్చి తుప్పల్లోకి వెళ్లిపోయేది. రోజంతా పిల్లల దగ్గర లేవెందుకని దాన్నెవరూ ఒక్క మాట అనలేదు.

ఒక మధ్యాహ్నం గడ్డి తొలగించి చూస్తే గూడు ఖాళీ. నెత్తుటి మరకా లేదు, ఊడిన బొచ్చూ లేదు. పెద్దవై వాటి దారిన అవి పోయాయి. హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే గుర్తొచ్చింది. రేపటి నుంచి క్యాన్లు మళ్లీ ఈ బండ మీదికే.

గుమ్మంలోంచి ఎల్లమ్మ అడిగింది. "ఉన్నయా బిడ్డా, పోయినయా?"

కొట్టం వైపు నుంచి నర్సింహ తోముతున్న క్యాన్ల మోత వినిపిస్తోంది. అఖిల గడ్డిని మళ్లీ గూటి మీద జాగ్రత్తగా కప్పింది.

"ఉన్నయత్తమ్మా," అంది కాళ్లు చాపుకుంటూ. "బాలింతకు తొందరేంది?"