తలూపకపోతే దెబ్బ

"సమజ్ కాకపోతే కాలేదని చెప్పు బిడ్డా," అంది వకీలు నవనీత, కరీంనగర్‌లో పిల్లల కోర్టు వరండాలో. "నీకన్నీ ఎరుకేనని జడ్జి మేడమ్ అనుకున్నదంటే, నిన్ను పెద్దోళ్ల లెక్క ఇచారణ చేయమంటది. హత్య కేసు. ఏండ్లకేండ్లు జైల్లనే ఉంటవ్."

పదహారు దాటిన హరీష్ తలూపాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే మరి.

బడి మానినప్పటి నుంచి వాడి బతుకంతా దేవదాస్ మరమగ్గాల షెడ్డులోనే. ఆ సాంచాల మోతలో మనిషి మాట మనిషికి వినపడదు. ఆసామి దేవదాస్ పెదవులు కదిలితే చాలు, తలూపాలి. ఏం చెప్పాడో తర్వాత చూసుకోవచ్చు. ఊపకపోతే తోలు పటా వీపు చీల్చేది. ఒకసారి చెవి మీద పడి నెత్తురు మెడ దాకా కారింది. ఆ పాపిష్టివాడు నేర్పిన చదువు అంతే.

ఆ రోజు కండెలు చుడుతున్న హరీష్ తల్లి అనసూర్య తలూపలేదు. జ్వరంతో కళ్లు మూతపడి అతన్ని చూడనే లేదు. దేవదాస్ ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, మొహాన్ని సాంచె ఇనుముకేసి బాదాడు. పళ్లు రాలాయి. మళ్లీ బాదబోతుంటే హరీష్ చేతికి నట్లు బిగించే పాన దొరికింది. మొదటి దెబ్బకే దేవదాస్ కూలబడ్డాడు. హరీష్ ఆగలేదు. పుర్రె పగిలి, నేసిన తెల్లగుడ్డ ఎర్రబడే దాకా కొట్టాడు. సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

మంచీచెడూ తెలిసే వయసో కాదో తేల్చమని కోర్టు పంపితే, పరీక్ష చేసిన డాక్టరు ముందూ వాడు తలూపే వచ్చాడు.

లోపల మేడమ్ మెత్తగానే అడిగింది. మంచి మనిషే, కానీ ఆ మాటలేమిటి తల్లీ!

"నీ చర్యకు కలిగే పర్యవసానాలు ఆ సమయంలో నీకు తెలుసా?"

హరీష్ ఆమె పెదవులనే చూస్తున్నాడు. తలూపాడు.

"ఉద్దేశపూర్వకంగానే కొట్టావా?"

కాగితం కోసం ఆమె చేయి లేచింది. వాడి భుజాలు ముడుచుకుపోయాయి. తలూపాడు.

"మేడమ్, పిల్లగానికి సమజ్ అయితలేదు," అని నవనీత లేచింది.

"భయపడకు బాబూ, నోటితో చెప్పు. ఇక్కడ జరిగేదంతా అర్థమవుతోందా?"

రెండోసారి అడిగారంటే దెబ్బ దగ్గరపడ్డట్టేనని వాడి లెక్క.

"సమజైంది మేడమ్, అంత సమజైంది," అన్నాడు గబగబా.

పెద్దవాడిగానే విచారించాలని ఉత్తర్వు అయింది.

బయట అనసూర్య బోసినోటితో కొడుకు చేయి పట్టుకుంది. "ఏమన్నరు కొడుకా?"

"ఏమో అవ్వా." చాలా రోజుల తర్వాత హరీష్ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు. ఒక్క దెబ్బ గూడ కొట్టలే."