గొంగడి కింద నీలి వెలుగు

కంబమందుఁ బుట్టి కాచితి బాలుని
పెనుశిలాద్రి నేలు పెద్దవేల్ప!
దారి తప్పు వేళ దరిఁ జేర్చుమందఱ
భయములెల్లఁ బాపి భక్తి నొసఁగి.

పసిబాలుని భయాన్ని తన గోళ్లతో చీల్చి పారవేసిన ఆ పెనుశిల నరసింహునికి మొక్కి, పదకొండు దినాలు భయంతోనే లేచి భయంతోనే పడుకున్న ఒక కారు డ్రైవరు కథ చెబుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన నాలుగేళ్లకు, కార్తికమాసంలో జరిగిన సంగతి. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పొద్దున పోయి సాయంత్రం తిరిగివచ్చే సర్వీసు కారు ఒకటి ఉండేది. దానిని నడిపేవాడు మాలకొండయ్య. కారు అతనిది కాదు, ఊరి మోతుబరిది. అప్పటికే దానికి పదిహేడేండ్లు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకనప్పుడు వెనుక బొగ్గుల పొయ్యి కట్టి, ఆ గ్యాసుతో దానిని నడిపారు. ఆ పొయ్యి కాల్చిన మచ్చ వెనుక రేకు మీద ఇంకా చెరగలేదు.

మాలకొండయ్య తల్లి ఆదిశేషమ్మకు అరవై ఏళ్లు దాటాయి. ఒకనాటి ఉదయం పిడకల కోసం దొడ్లోకి పోయిన ఆమెను పిచ్చికుక్క పిక్క మీద కరిచింది. అదే కుక్క అంతకు వారం ముందు దుత్తలూరు దారిలో చెంగయ్య అనే గొర్రెల కాపరిని చెంప మీద కరిచిందని ఊరంతటికీ తెలుసు. చెంగయ్య ఆకుపసరును నమ్ముకున్నాడు. మాలకొండయ్య మాత్రం తల్లిని కారులో కూర్చోబెట్టుకొని ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"పద్నాలుగు సూదులు. బొడ్డు చుట్టూ, రోజుకొకటి. పగలు పన్నెండు కొట్టే లోపల రావాలి. ఒక్కరోజు తప్పినా నేను పూచీ పడలేను" అన్నాడు డాక్టరు.

రోజూ పోయే కారే గనుక, తల్లిని పక్కసీటులో కూర్చోబెట్టుకొని పోయి రావచ్చు, అందులో కష్టమేముంది అనుకున్నాడు మాలకొండయ్య. కానీ ఆ మరునాటి నుంచే కారుకు రోగం పట్టింది.

ఆ ఉదయం ఆదిశేషమ్మ కాటుక భరిణె తెచ్చి, బానెట్టు రేకు మీద రూపాయంత దిష్టిచుక్క పెట్టింది. "కారుగలాయన చూస్తే నన్ను తిడతాడు మా" అని కొడుకు దానిని తుడిచివేశాడు. బానెట్టు ఎత్తి నూనె చూసి, నీళ్ల కోసం బావి దగ్గరకు పోయి వచ్చేసరికి, తల్లి ఇంజను ఎదుట చేతులు జోడించి నిలబడి ఉంది. మొక్కుకుంటున్నది కాబోలుననుకొని బానెట్టు మూశాడు.

పది మైళ్లు పోయాక, మిట్ట ఎక్కుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి, ఊపిరి బిగబట్టినట్లు ఆగిపోయింది. మాలకొండయ్య తీగలన్నీ కదిలించి చూశాడు. పెట్రోలు వస్తున్నది. బ్యాటరీ బాగున్నది. అరగంట నిలిచాక హ్యాండిలు తిప్పితే, ఏమీ జరగనట్లే పలికింది. సాయంత్రం తిరుగుదారిలో పెండ్లిగుర్రంలాగా పరుగెత్తింది.

తరువాత ఇదే వరస. జల్లు పడిన ఉదయాలలో ఆగుతుంది, పడని ఉదయాలలో ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. ఆగిన చోట మళ్లీ ఆగదు. ఒకనాడు పది నిమిషాలు, ఒకనాడు గంటన్నర. సూదివేళకు ఒకనాడు పావుగంట మాత్రమే మిగిలింది.

ఆత్మకూరులో హుసేనయ్య అనే మెకానిక్కు ఉన్నాడు. బర్మా యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చినవాడు. తల్లికి సూది వేయించి, మాలకొండయ్య రోజూ కారును అతని షెడ్డుకు తోలేవాడు. హుసేనయ్య ముందుగా పెట్రోలు గుడ్డతో ఇంజనంతా తుడిచేవాడు. అది అతని పద్ధతి. తరువాత పాయింట్లు ఆకురాయితో రుద్దాడు, కండెన్సరు మార్చాడు, కాయిలు మార్చాడు, ప్లగ్గులు విప్పి నిప్పు చూశాడు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"నీ బండికి రోగం లేదురా కొండయ్యా. నీకే ఉండాది" అన్నాడు అయిదో రోజున.

"అన్నా, ఎగతాళి చేయొద్దు. వచ్చేటప్పుడే ఆగతాది. పోయేటప్పుడు ఒక్కనాడు ఆగలే."

ఆ మాట తన నోటితోనే పలికిన తరువాత మాలకొండయ్యకు దాని అర్థం తోచింది. మందు వైపు పోయేటప్పుడే ఆగుతుంది. ఇంటివైపు ఎన్నడూ ఆగదు. ఇనుముకు ఏ దిక్కయితేనేమి? కాబట్టి ఇది ఇనుము చేసే పని కాదు. ఎవరో అమ్మను మందు దాకా పోనివ్వడం లేదు. మూడేళ్ల కిందట పెనుశిలకు వస్తానని మొక్కుకొని పోలేదు. ఆ తప్పుకు శిక్ష నాకు పడాలి గాని, ఆమెకా? ఆనాటి నుంచి అతనికి అన్నం దిగలేదు. ప్రతి సాయంత్రం చెంబుతో నీళ్లిచ్చి, తల్లి తాగేదాకా ఆమె గొంతు వైపే చూసేవాడు. కుక్కవిషం తలకెక్కితే నీళ్లు మింగుడుపడవంటారు. అవి గుటకపడితే, ఆ రాత్రికి ప్రాణం నిలిచినట్లుండేది.

పదో రోజున హుసేనయ్య గుడ్డ పక్కన పడవేసి, తలగోక్కున్నాడు.

"రోగం ఉండేటప్పుడు నాడి చూడాల. నా దగ్గరికొచ్చేసరికి నీ బండి ఆరోగ్యంగా ఉండాది, నేనేం చేసేది? రేపు ఆగిందనుకో, తీగలు పీకొద్దు, ఆరిందాకా కూర్చోవద్దు. గొంగడి కప్పుకొని చీకటి చేసుకో. ఒకరిని హ్యాండిలు తిప్పమను. దోవ తప్పిన కరెంటు పగటి వెలుతురులో కనపడదు, చీకట్లో నీలంగా పాకతాది. ఏలు మాత్రం పెట్టొద్దు, కొట్టి పారేస్తాది."

ఆ సాయంత్రం ఉదయగిరి చేరగానే కబురు తెలిసింది. చెంగయ్య పోయాడు. కారు దగ్గరకు వచ్చి చెప్పినవాడు శీనయ్య, నర్ది అనే తెల్లచెక్కతో గరిటెలు చెక్కేవాడు. "కడాకు నీళ్లముంత చూస్తేనే అరిచినాడంట. గాలి తగిలినా ఒణికినాడంట" అని ఊరుకోకుండా, "రేపు నేనూ వస్తా, సంతకు మూట ఉండాది" అని పోయాడు. మాలకొండయ్యకు ఆ రాత్రి కునుకు పట్టలేదు.

పదకొండో ఉదయం తెల్లవారకముందే జల్లు పట్టింది. కారులో ముగ్గురే. మాలకొండయ్య, పక్కన తల్లి, వెనుక గొంగడి కప్పుకొని గరిటెల మూటతో శీనయ్య. బొగ్గేరు చేరేసరికి, ఏటికి అడ్డంగా వేసిన రాతి చప్టా మీద బురదనీరు చీలమండ లోతున పారుతున్నది. ఎగువన ఆకాశం నల్లగా ఉంది. నిలిస్తే నీరు పెరుగుతుంది. పోవలసిందే.

చప్టా నడిమికి చేరాక ఇంజను దగ్గింది. మరొకసారి దగ్గింది. ఆగిపోయింది.

నీటి చప్పుడు తప్ప మరేమీ లేదు. మాలకొండయ్య దిగి తొయ్యబోయాడు, శీనయ్య భుజం ఆనించాడు. చక్రాలు ఒండ్రులో దిగబడి కదలలేదు. చూస్తుండగానే నీరు మోకాటి కిందికి వచ్చింది.

"ఓరి నీ బండి! గరిటెలతో ఏరు తోడమంటావా ఏందిరా?" అన్నాడు శీనయ్య. నవ్వబోయి, నీటిని చూసి మానుకున్నాడు.

మాలకొండయ్య తల్లి వైపు చూశాడు. ఆమె ఏటివైపు నుంచి ముఖం తిప్పుకొని, కొంగు బిగించి వణుకుతున్నది. అతడు చెంబులో తెచ్చిన మంచినీళ్లు అందించాడు.

"కొంచెం తాగు మా."

"వద్దు."

"ఒక్క గుక్క."

"వద్దంటి కదరా, దూరంగా పెట్టు!" అని ఆమె చెంబును తోసివేసింది.

నీళ్లు తోసివేసింది. గాలికి వణుకుతున్నది. చెంగయ్య చావు ఆ సీటులో కూర్చుని తనవైపు చూస్తున్నట్లు మాలకొండయ్యకు తోచింది. అప్పుడు హుసేనయ్య మాట జ్ఞాపకం వచ్చింది.

"శీనయ్యా! గొంగడి ఇయ్యి. హ్యాండిలు నువ్వు తిప్పు. నేను చాలనేదాకా ఆపొద్దు."

బానెట్టు ఎత్తి, తలనూ ఇంజనునూ కలిపి గొంగడి కప్పుకున్నాడు. లోపల చిమ్మచీకటి. గొర్రెబొచ్చు వాసన, పెట్రోలు వాసన, కాళ్లను లాగే నీరు. "నరసింహా" అన్నాడు. శీనయ్య హ్యాండిలు తిప్పాడు. ఏమీ లేదు. మళ్లీ తిప్పాడు.

కనిపించింది. నిప్పును ప్లగ్గులకు పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరు నల్లమూత మీద, నడుమ నుంచి అంచున ఉన్న ఇనుప కొక్కెం దాకా, సన్నని నీలి పురుగొకటి చరచరా పాకింది. హ్యాండిలు తిరిగినప్పుడల్లా అదే దారిన పాకింది. ప్లగ్గులకు పోవలసిన నిప్పు మూత పైనుంచే పారిపోతున్నది.

"చాలు! ఒక గరిటె ఇయ్యి!"

తెల్లని నర్దిచెక్క గరిటె కాడతో ఆ దారిని గీకాడు. గొంగడి తొలగించి చూస్తే, కాడ కొన కారునలుపు. నల్లని మూత మీద ఇన్నాళ్లూ కంటికి ఆనని నలుపు, తెల్లచెక్క మీద జిడ్డుగా అంటుకొని ఉంది. వాసన చూశాడు. ఆముదం, కర్పూరం. తన చిన్ననాటి వాసన. తన ఇంటి కాటుక.

"అమ్మా, ఏంది ఇది?"

ఆదిశేషమ్మ గరిటెను చూసి తలదించుకుంది. "బానెట్టు మీద పెడితే తుడిచేస్తివి. ఇదే బండికి గుండెకాయని నువ్వే ఒకనాడు చెప్పినావు. నువ్వు నీళ్లకు పోయినప్పుడు, నీకు కనపడకుండా దాని మీదనే పెడతా ఉండా."

"రోజూనా?"

"రోజూ. ఆగిన మరునాడు ఇంకొంచెం ఎక్కువ పెట్టినా. దిష్టి ముదిరిందనుకున్నా నాయనా. నేను పోతే పోతా, నా వల్ల నీకు దోవలో ఏం కాకూడదని..."

మసి గదా. మసి మీద కరెంటు పారుతుంది. జల్లు తడి తోడైతే మరీ పారుతుంది. కాసేపు నిలిస్తే ఆరుతుంది. తక్కిన మసిని హుసేనయ్య గుడ్డ రోజూ తుడిచివేస్తుంది. అందుకే తిరుగుదారి సుఖం. ఇదంతా మాలకొండయ్యకు ఒక్క రెప్పపాటులో తెలిసింది. కానీ అతని భయం కారు మీద లేదు.

"నీళ్లెందుకు తోసేసినావు?"

"ఈ పొద్దు కార్తీక సోమారం కాదంట్రా? చుక్క పొడిచిందాకా పచ్చినీళ్లు ముట్టను. చలికి దవడలు కొట్టుకుంటా ఉంటే, ఎదురుగా చెంబు పెట్టి నోరూరిస్తావేం?"

భయంలో వారమే మరిచిన మాలకొండయ్య బానెట్టును పట్టుకొని నిలబడిపోయాడు. ఏడ్చాడో, ముఖం మీద వాన నీళ్లో శీనయ్యకు తెలియలేదు.

"కొండయ్యా, తరువాత ఏడుద్దువు లేరా, నీళ్లు మోకాళ్లకొచ్చినాయి!"

మాలకొండయ్య పంచె లోపలి పొడి చెరగు చించి మూతను గట్టిగా తుడిచాడు, మళ్లీ తుడిచాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. శీనయ్య తిప్పాడు. పలకలేదు. రెండోసారి తిప్పాడు. ఇంజను ఒక్క అరుపు అరిచి అందుకుంది. చక్రాలు ఒండ్రులో రెండుసార్లు జారి, మూడోసారి రాతిని పట్టాయి. అవతలి గట్టెక్కి వెనక్కు చూస్తే, చప్టా రాళ్ల జాడ లేదు.

ఆసుపత్రి చేరేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలు. సూది పడింది.

హుసేనయ్య గరిటె కాడను తిప్పి తిప్పి చూశాడు. "పది రోజులు దొంగను నేనే తుడిచి దాచేసి, నేనే ఎతికినానా? అవ్వా, నీ దిష్టి మా మిలిటరీ చదువును మించింది పో" అని చెంపలు వేసుకున్నాడు.

మరునాటి ఉదయం మాలకొండయ్య బావి నుంచి నీళ్లతో వచ్చేసరికి, తల్లి భరిణె పట్టుకొని కారు పక్కన దిక్కుతోచక నిలబడి ఉంది. పెడితే కొడుకుకు కీడు, పెట్టకుంటే ఆమెకు ప్రాణం నిలవదు. అతడు బిందె దించి, కారు మెట్టు మీద కూర్చుని, చెప్పు విడిచి కుడికాలు చాచాడు.

"ఈడ పెట్టు మా. బ్రేకు తొక్కే కాలు ఇది."

ఆదిశేషమ్మ వంగి, కొడుకు అరికాలి నడుమ గుండ్రంగా చుక్క దిద్దింది. మిగిలిన మూడు రోజులూ కారు ఆగలేదు. పద్నాలుగో సూది పడింది. ఆ తల్లి మరి పన్నెండేండ్లు బ్రతికి, ప్రతి కార్తిక సోమవారం చుక్క చూశాకే నీళ్లు తాగింది. ఆ సంవత్సరమే మాఘమాసంలో తల్లీకొడుకులు పెనుశిలకు పోయి బాకీపడ్డ మొక్కు తీర్చుకున్నారు.

ఈ కథ విన్నవారికి, చెప్పినవారికి, దారులు నడిచేవారికి, బండ్లు తోలేవారికి, ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి పెనుశిల స్వామి అండగా ఉండుగాక. వారి ఏరులు దాటే చోట లోతు లేకుండుగాక. ప్రేమతో చేసిన పొరపాటు కీడుగా మారకముందే కంటబడుగాక. స్వస్తి.