లోపలి గుడ్డ

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగేలోపు చూసెయ్యాలి. ఆమె మొగుడి యూనిఫాం ప్యాంటును తిరగేసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. నడుము వెనక కుట్టును వేళ్ళతో తడిమింది. కుట్టు అంచు దాకా వచ్చేసింది. ఇంక విప్పి వదలడానికి లోపల గుడ్డ లేదు.

బట్టలు లూజు చెయ్యడం, టైటు చెయ్యడం ఆమె బతుకుతెరువు. లాండ్రీ షాపు పక్కన ఒక మిషనూ ఒక కుర్చీ పట్టే గదే ఆమె సామ్రాజ్యం. కొత్త బట్ట కుట్టడం చిన్నప్పుడు నేర్చుకుంది గాని చేతికి పట్టుబడలేదు. విప్పి మళ్ళీ కుట్టమంటే మాత్రం, అంతకు ముందు అక్కడ ఇంకో కుట్టు ఉందని కుట్టినవాడు కూడా పోల్చుకోలేడు.

మొగుడు లిఫ్ట్ ఆపరేటరు. పెద్ద ఆఫీసు భవనంలో పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కడమే ఉద్యోగం. కూర్చుని కూర్చుని ఒళ్ళొచ్చింది. మూడేళ్ళ కిందట ఎవరో కుర్రాఫీసరు, "నువ్వొక్కడివే ఎక్కితే చాలు, లిఫ్టు నిండినట్టే" అని అందరి ముందూ నవ్వాడట. ఆ రోజు తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చి, భోజనం ముట్టకుండా పడుకున్నాడు. సెలవు రోజు మధ్యాహ్నం అతను గుర్రు పెడుతుంటే, ఆమె చప్పుడు కాకుండా ప్యాంటు కుట్టు విప్పి, కాస్త వదిలి, మళ్ళీ కుట్టేసింది. మర్నాడు అతను తొడుక్కుని పొట్ట తట్టుకుంటూ, "వాడి మొహం. నేనేం లావయ్యాను?" అన్నాడు. ఆ మొహం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత మరోసారి వదిలింది. ఈమధ్య ఇంకోసారి, మిగిలిన కాస్తా వదిలేసింది.

పోయిన వారం ఆఫీసులో అందరికీ పరీక్షలు చేశారు. నర్సు అతని బీపీ ఒకటికి రెండుసార్లు చూసి డాక్టరు దగ్గరికి పంపిందట. ఒళ్ళు పెరిగేకొద్దీ గుండె మరింత గట్టిగా రక్తాన్ని తొయ్యాల్సి వస్తుందనీ, అతని బీపీ అంతలా పెరగడానికి ఆ బరువూ ఒక కారణమేననీ, మాత్రలు వేసుకుని బరువు తగ్గించకపోతే మెదడులో రక్తనాళం చిట్లినా చిట్లుతుందనీ ఆయన అన్నాడట. ఇదంతా అతను ఎవరి కథో చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు. ఆమెకు ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు. మాత్రల అట్ట అలమరలో ఎలా పెట్టింది అలాగే ఉంది.

అతను తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. స్నానానికే రొప్పుతున్నాడు. మొహం కందిపోయి ఉంది.

"ఇవాళన్నా ఆ మాత్ర వేసుకోండి."

"ఎందుకే? లావైతే బట్టలు పట్టకుండా పోవాలి కదా. దర్జీ పని చేసేదానివి, నీకు నేను చెప్పాలా? మూడేళ్ళ నుంచీ అదే ప్యాంటు. వాళ్ళ బరువు మిషనూ బీపీ మిషనూ తోడుదొంగలు."

ఆ ప్యాంటు సంగతి చెప్పెయ్యాలనుకుంది. చెప్పలేక, ప్యాంటు మడిచి అతని చేతికిచ్చింది. అతను లోపలి గదిలోకి వెళ్ళి, బెల్టు బిగించుకుంటూ వచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆడపడుచు కుట్టు గదికి వచ్చింది. అతనికి అక్క, నోరున్న మనిషి. ఆమె మిషను ఆపేసి, తల వంచుకుని జరిగిందంతా చెప్పేసింది. "నా చేతులారా నేనే ఆయన కళ్ళకి గంతలు కట్టాను వదినా. ఆ ప్యాంటు చూసుకునే మాత్రలు మానేశారు."

తిడుతుందనుకుంది. ఆడపడుచు గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"మా నాన్నదీ ఇదే ఒళ్ళు, ఇవే జోకులు. భోంచేసి లేవబోయాడు, అంతే. వీడికిప్పుడు ఆయన పోయిన వయసే. ఇవాళే చెప్పెయ్యి. కోపమొస్తే రానీ, మనిషుంటే చాలు."



ఆడపడుచు వెళ్ళగానే ఇంటికి పరుగెత్తి అతని రెండో యూనిఫాం ప్యాంటు తెచ్చింది. దాన్నీ మొదటిదానిలాగే వదులుతూ వచ్చింది. కుట్టు విప్పి చూస్తే, పాత సూది గుర్తులు గుడ్డ మీద వరసగా కనబడ్డాయి. అన్నిటికన్నా లోపలిది మూడేళ్ళ కిందటి నడుము. దాని మీదే కుట్టు వేసింది. తొందరలో దారం రెండుసార్లు తెగింది. సాయంత్రం ఇది చేతికిచ్చి, ఇదండీ మీ అసలు ప్యాంటు అనాలి. తొడల దగ్గరే ఆగిపోతుంది. అరుస్తాడు, అలుగుతాడు. అలగనీ. పొద్దున్నకి మాత్ర మింగుతాడు. అలా అనుకుంటే భయం కాస్త సర్దుకుంది.

ఆఖరి దారం కొరుకుతుండగా ఫోను మోగింది. భవనం వాచ్‌మన్.

"అమ్మా, మీవారు స్టూలు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు. ఆస్పత్రికి తీసుకొచ్చాం. మీరు తొందరగా రావాలి."

ఆమె వెళ్ళేసరికి అయిపోయింది. డాక్టరు చెప్పినదాంట్లో బీపీ, మెదడు అన్న మాటలే చెవిన పడ్డాయి. వెనకే వచ్చిన ఆడపడుచు గోడకానుకుని ఏడుస్తోంది. ఆమెకు ఏడుపు రాలేదు. పొద్దున్న చెప్పాల్సిన మాట ఇంకా చెప్పనే లేదు.

ఆయా ఒక సంచి తెచ్చి ఒళ్ళో పెట్టింది. చొక్కా, చెప్పులు, చుట్టిన బెల్టు, ప్యాంటు. హడావిడిలో ప్యాంటును పక్క నుంచి కత్తెరతో కోసి తీశారు. ఆమె చేతులు అలవాటు చొప్పున నడుము దగ్గరికి పోయాయి. ముందు గుండీ కాజాలో లేదు. గుండీకీ కాజాకీ నడుమ నాలుగు వేళ్ళ ఎడం. బెల్టు వెనక ఎవరికీ కనబడకుండా, ఆ రెండంచుల్నీ కలుపుతూ పిన్నీసు పెట్టి ఉంది. ఆమె కుట్టు డబ్బాలోదే.

అంటే, లావయ్యానని అతనికి తెలుసు. లోపలి గదిలో పిన్నీసు పెట్టుకుని, ఇంటికి రాగానే తీసేస్తూ వచ్చాడు. ఆ నవ్వులన్నీ ఆమె భయపడకుండా ఉండాలనే. ఎంత భయపడ్డాడో, ఒక్కడూ.

పిన్నీసు విల్లులా వంగిపోయి ఉంది, ఊడలేదు మాత్రం.