కంచె దాకా వచ్చిన గడ్డి

ఆ గడ్డి మీద చిన్నదానికి అసూయ. ఈ మాట ఆమె ఎప్పుడూ ఎవరితోనూ పైకి అనలేదు. మనిషి మనిషిని చూసి కుళ్ళుకుంటే ఒక అర్థముంది, గడ్డిని చూసి కుళ్ళుకోవడమేంటని నవ్వుతారు. కానీ నిజం. అక్కతో మాటలు ఆగిపోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో చిన్నది అక్క వైపు ఒక్క అడుగు వేయలేదు. గడ్డి మాత్రం కోతకో సాలు చొప్పున అటే నడుస్తోంది. దానికి సిగ్గూ లేదు, పంతమూ లేదు.

పొద్దున్నే ఆమె చేసే మొదటి పని ఏనుగు గడ్డి చేను చుట్టూ తిరిగి రావడం. పొడుగు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు తప్పవు. ఆకు అంచు రంపంలా ఉంటుంది, నూగు ఒంటికి తగిలితే మధ్యాహ్నం దాకా దురదే. ఒక కాండం తుంచి చేతుల్లో మెలిపెట్టి చూస్తుంది. నీళ్ళు చిమ్మితే పశువుకి, పుటుక్కున విరిగితే బాయిలర్‌కి. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. చదువు మధ్యలో ఆగిపోయినా, ఫోన్‌లో చదివి కొంత, చెడగొట్టుకుని కొంత, అన్నీ తనే పట్టుకుంది. గడ్డి నరికే మిషను మొరాయిస్తే ఆ ఇంట్లో మెకానిక్కుని పిలవరు, చిన్నదాన్ని పిలుస్తారు.

ఆ రోజు కాండం నీళ్ళు చిమ్మింది. చేనంతా నడుమెత్తు, లేత.

తర్వాతి పని నీళ్ళ పైపు జరపడం. కోశాక దుబ్బులు మళ్ళీ చిగురించేటప్పటికి ఇవతలి గట్టు దగ్గర ఒక సాలు ఖాళీ అవుతుంది, అవతల ఒక సాలు కొత్తగా లేస్తుంది. ఖాళీ అయిన చోట నాన్న చిక్కుడు గింజలు వేసుకుంటాడు. పక్క చేలవాళ్ళు "ఈసారి ఎందాకా వచ్చింది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే తమ పని మీద పోతారు.

ఆ గడ్డి ముక్కలు నాటింది అక్క. ముక్కకి మూడు కణుపులు, రెండు మట్టిలో, ఒకటి పైన. అప్పట్లో లేతగా ఉండగానే కోసి పశువులకి వేసేవాళ్ళు. తర్వాత బాయిలర్లలో కాల్చే ఇంధన గుళికలు చేసే ఫ్యాక్టరీ వచ్చింది. గడ్డిని మనిషికి రెండింతలు ఎత్తు ముదరనిచ్చి, ఎండబెట్టి ఇస్తే చాలు. కోతలు తగ్గుతాయి, రాబడి ఖాయం. నాన్న సరేనన్నాడు.

"నోట్లోకి పోయేదాన్ని పొయ్యిలో పెడతారా?" అంది అక్క.

"నీ పశువుల సంగతి నువ్వు చూసుకో, నా చేను సంగతి నేను చూసుకుంటా" అన్నాడు నాన్న.

అక్క పశువుల్ని తోలుకుని కంచె అవతల తన వాటాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి కోత నుంచే చేను నడక మొదలుపెట్టింది.

ఇప్పుడు కంచె దాకా వచ్చింది. ఫ్యాక్టరీ ఆఫీసరు చూసి, నడవడం వల్ల తమకేం ఇబ్బంది లేదనీ, హద్దు దాటితేనే ఇబ్బందనీ చెప్పాడు. కంచె పొడుగునా కందకం తవ్వి ఆపితేనే ఈసారి ఒప్పందం.

అందుకే ఆ పొద్దున పొక్లెయిన్ వచ్చింది. డ్రైవరు దిగి చేనుని ఎగాదిగా చూశాడు.

"ఎంత దూరం దూకుతుంది పెద్దాయనా?"

"దూకదు, నడుస్తుంది."

"హమ్మయ్య. అయితే మనిషి లోతు చాలు. దూకేదైతే పని పెరుగుద్ది." టీ గ్లాసు అందుకుంటూ అన్నాడు, "దారిలో మీ పెద్దమ్మాయి లారీ ఎదురొచ్చింది. పశువులన్నింటినీ ఎక్కించి సంతకి పోతోంది. మేత లేదట. ఇవాళ్టితో పాడి మానేస్తానంది."

"ఎవరి రాత వాళ్ళది" అన్నాడు నాన్న. కానీ ఆయన టీ గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు.

కందకానికి సున్నంతో గీత గీయడానికి చిన్నది కంచె దగ్గరికి వెళ్ళింది. అవతల అక్క నేల పశువులు నాకేసినట్టు నున్నగా ఉంది. ఒక్క పరక లేదు. ఒక్క చోట తప్ప. కంచె కింద నుంచి దూరి అటువైపు లేచిన పిలక ఒకటి, మోకాలెత్తు. దాని చుట్టూ అడుగు ఊడిన తట్ట బోర్లించి ఉంది, పశువు మూతి పెట్టకుండా. మొదలు దగ్గర మట్టి ఇంకా తడిగానే ఉంది. లారీ ఎక్కబోయే ముందు కూడా అక్క నీళ్ళు పోసి వెళ్ళింది.

"నాన్నా, ఒకసారి ఇలా రా."

"గీత గీశావా?"

"రా ముందు."

నాన్న వచ్చి చూశాడు. తట్ట అంచుకి ఉన్న నీలం వైరు కట్టు ఎప్పుడో ఆయన వేసిందే.

"అన్ని నోళ్ళు ఆకలితో అరుస్తుంటే, దీన్ని దాచిందా?" అన్నాడు. "పిచ్చిది."

"నీ కూతురు కదా మరి."

చిన్నది వెనక్కి తిరిగి, అప్పుడే ఇంజను స్టార్ట్ చేసిన డ్రైవరుకి చెయ్యెత్తింది. "అన్నా, బండి ఆపెయ్!"

"ఏంటే నీ గోల? ఫ్యాక్టరీకి ఏం చెబుతావ్?"

"కంచె వైపు సగం ఇవాళే కోద్దాం, పశువులకి. గట్టు వైపు సగం ముదరనిద్దాం, బాయిలర్‌కి. సగమే ఇస్తామని ఆఫీసరుతో నేను మాట్లాడతా."

"కోస్తే ఇంకో సాలు అటు పోతుంది."

"మేసే నోళ్ళు అటున్నాయని పోతోంది. అవి ఇటొస్తే ఇదెక్కడికి పోతుంది నాన్నా?"

నాన్న చేనుని చూశాడు. గాలి లేదు. అయినా గడ్డి అంతా సంతకి పోయే దారివైపు వాలి ఉంది.

"దానికి కాళ్ళొచ్చాయి, నీకు నోరొచ్చింది. ఇక నేనెందుకు ఇక్కడ?"

"కొడవళ్ళకి సాన పట్టడానికి."

డ్రైవరు ఫక్కుమని నవ్వి ఇంజను ఆపేశాడు. నాన్న కొడవళ్ళ కోసం కొట్టం వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగి, తల తిప్పకుండానే అడిగాడు.

"దాని నెంబరుందా నీ దగ్గర?"

లేకేం. ఫోన్‌లో చూడక్కర్లేదు కూడా. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆ అంకెలన్నీ నొక్కి, చివరిది నొక్కకుండా వదిలేసేది. మొదటి మాట ఏమనాలో తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. ఎలా ఉన్నావనీ కాదు, ఏమనుకోకనీ కాదు. అక్కా, లారీ వెనక్కి తిప్పు.

చిన్నది నూగు అంటిన అరచేతిని చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసింది.