చెప్పులు తిరిగిన వైపు

పిల్లలూ, బడి నుంచి రాగానే ఒక బూటు తలుపు దగ్గర, ఇంకో బూటు సోఫా కింద వదిలేస్తారు చూడండి, వాటిని ఏరి జత చేసే ప్రతిసారీ మీకొక కథ చెప్పాలనుకుంటాను. అంతలో పాలు పొంగుతాయి, లేదంటే మీలో ఒకరు రెండోవాళ్ళని గిల్లుతారు, కథ కాస్తా వెనకబడిపోతుంది. ఇవాళ పాలు పొంగినా సరే, చెప్పేస్తాను. ఇది మీ అమ్మమ్మగారింటి చెప్పుల కథ. మీకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

అప్పటికి అమ్మమ్మ ఇంకా ఎవరికీ అమ్మమ్మ కాదు. నలభై కూడా నిండలేదు. మందుల పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటుంటుంది కదా, చీమతలకాయంత అక్షరాలతో? ఆ కాగితాల ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. రోజుకి ఒకటి అని ఉండాల్సిన చోట పదకొండు అని పడితే పట్టుకునేది ఆమే. తాతయ్య లిఫ్టు మెకానిక్కు. ఇద్దరు ఆడపిల్లలు. పన్నెండేళ్ళది మీ పెద్దమ్మ. ఏడేళ్ళ చిన్నది ఎవరో మీరే కనిపెట్టండి.

వాళ్ళు ఉండేది మూడో అంతస్తు. తలుపు బయట, కారిడారులో, గోడకి ఆనించి చెప్పుల స్టాండు. రాత్రి ఎలా విడిచినా సరే, తెల్లారేసరికి ఆ ఇంట్లో ఎవరి చెప్పులు వాళ్ళు ఆ రోజు వెళ్ళే వైపుకి తిరిగి ఉండేవి. బయటికి వెళ్ళే రోజైతే ఎడమకి, మెట్ల వైపు. ఇంట్లోనే ఉండే రోజైతే గోడ వైపు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. గ్యాసు బండ తెచ్చే అతను కూడా స్టాండు చూసి ఇంట్లో మనుషులున్నారో లేదో తెలుసుకుని గంట కొట్టేవాడు. పెద్దమ్మ కడుపునొప్పి అని దుప్పటి ముసుగేస్తే, అమ్మమ్మ కడుపు నొక్కి చూసేది కాదు. తలుపు తీసి చూసేది. "నీ బూట్లు మెట్ల వైపు చూస్తున్నాయి. లే."

ఎదురుగా, నాలుగడుగులు వేస్తే ఇంకో తలుపు. అక్కడ మిషను మామ్మ ఒక్కతే ఉండేది. అరవై ఆరేళ్ళు. బిగుతైన బట్టలు వదులు చేసేది, వదులైనవి బిగించేది. పిల్లలవైతే మాత్రం ఎవరెంత చెప్పినా రెండంగుళాలు వదిలే కుట్టేది. "పెరిగే పిల్లలమ్మా, బట్ట వాళ్ళ కోసం ఆగాలి గానీ వాళ్ళు బట్ట కోసం ఆగుతారా?" అనేది.

మీరు పాఠాల్లో చదువుకునే ఆ పెద్ద జబ్బు వచ్చిన ఏడాది, ఆ స్టాండు మీద చెప్పులన్నీ గోడ వైపు తిరిగిపోయాయి. తప్పు చేస్తే టీచరు నిలబెట్టిన పిల్లల్లా నెలల తరబడి అలాగే నిలబడ్డాయి. తాతయ్య బూట్లు మాత్రం రోజూ మెట్ల వైపే. ఆస్పత్రుల్లో లిఫ్టులు ఆగకూడదు కదా. ఆయన ఇంటికొచ్చి, స్నానం చేసి, ముందుగదిలో ఒక్కడే తిని, అక్కడే పడుకునేవాడు. పిల్లలు గుమ్మం ఇవతల నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు. ఏడాదిపాటు అంతే.

అమ్మమ్మ ఇంట్లోంచే పని చేసేది. వీధి తలుపు పక్కనే బల్ల. ఎదురింటి కుట్టుమిషను చప్పుడే ఆమెకి తోడు. మామ్మని ఆమె పిన్నిగారూ అని పిలిచేది. చప్పుడు కాస్త ఆగితే పిన్నిగారు దారం మారుస్తున్నారని, ఇంకాస్త ఆగితే కాఫీ తాగుతున్నారని లెక్క.

రెండో ఏడు కొన్ని దేశాలు తలుపులు ఓరగా తెరిచాయి. సెలవులకి రావచ్చన్నాయి, కానీ సవాలక్ష షరతులు. పొద్దున ఒక రూలు, మధ్యాహ్నానికి దానికో మినహాయింపు, సాయంత్రానికి ఆ మినహాయింపుకో రూలు. తాతయ్య ధైర్యం చేసి నాలుగు టిక్కెట్లు కొన్నాడు. పరాయి దేశంలో సముద్రపు ఒడ్డు, నీళ్ళకి ఇరవై అడుగుల్లో ఒక చిన్న ఇల్లు, వారం రోజులు. శనివారం ప్రయాణం. ఆ పొద్దున పదింటి దాకా టిక్కెట్లు వద్దనుకునే వీలుంది. ఆదివారం నాడు మామ్మ మాస్కు కట్టుకుని చిన్నదానికి కొలతలు తీసింది, స్విమ్మింగు డ్రెస్సు కోసం. బుధవారం ఆ డ్రెస్సు సంచిలో పెట్టి వీళ్ళ తలుపు గడియకి తగిలించి వెళ్ళిపోయింది. ఎదుటపడలేదు. ప్రయాణం ముందు జాగ్రత్త పడుతోందని అందరూ మెచ్చుకున్నారు.

ప్రయాణం కాగితంలో ఒక ప్రశ్న ఉంది. గత పద్నాలుగు రోజుల్లో జబ్బుపడినవారిని కలిశారా? కలిసి ఉంటే విమానం ఎక్కనివ్వరు. నలుగురికీ పరీక్షలు చేయించి, ఏమీ లేదని కాగితం వచ్చాక కూడా అమ్మమ్మకి మనసొప్పలేదు. గురువారం ఎదురింటి తలుపు బయట నిలబడి అడిగింది.

"పిన్నిగారూ, మీకు జ్వరం గట్రా ఏమీ లేదు కదా?"

"నాకేం జ్వరం? గుండ్రాయిలా ఉన్నాను," అంది మామ్మ లోపల్నించే. "వెళ్ళి పని చూసుకో అమ్మాయ్."

అమ్మమ్మ 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

శుక్రవారం భోజనాల దగ్గర ఆ పదకొండు పేజీల రూళ్ళూ బల్ల మీద పరిచి కూర్చుంది. చేతిలో ఎర్ర పెన్ను. అప్పటికే అందులో మూడు అచ్చుతప్పులు పట్టింది గానీ, రూలు ఒక్కటీ తగ్గలేదు.

"ఒక్క ముక్కలో చెప్పు, వెళ్దామా వద్దా?" అన్నాడు తాతయ్య ముందుగదిలోంచి.

"పదకొండు పేజీలున్నదాన్ని ఒక్క ముక్కలో ఎలా చెప్పను?"

"మీ అమ్మ మందు కాగితం మొత్తం చదివితే గానీ తుమ్మదర్రా."

"చదవకుండా తుమ్మేవాళ్ళ కోసమే ఆ కాగితాలు వేసేది," అంది అమ్మమ్మ.

"అమ్మా, ఈసారి కూడా వెళ్ళకపోతే నేను గోడలతో మాట్లాడ్డం మొదలుపెడతాను," అంది పెద్దమ్మ.

"మొదలుపెట్టు. అవైనా నీ మాట వింటాయేమో."

చిన్నదైతే స్విమ్మింగు డ్రెస్సు వేసుకునే భోజనానికి కూర్చుంది.

తాతయ్య గొంతు తగ్గించాడు. "ఏడాదైంది, పిల్లల్ని దగ్గరికి తీసుకుని. నాకు పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఒక్క వారం. అక్కడికైతే ఏ లిఫ్టూ నాకు ఫోన్ చెయ్యదు."

అమ్మమ్మ చేతిలో పెన్ను ఆగింది. "అక్కడికెళ్ళాక రూలు మారితే? పిల్లలకి జ్వరం వస్తే? మన వల్ల ఇంకెవరికైనా వస్తే?"

"ఏమీ రాకపోతే?"

ఆ పదకొండు పేజీల్లో దానికి జవాబు లేదు. అమ్మమ్మ కాగితాలు మడిచింది. "పొద్దున చెప్పులు చూద్దాం. గోడ వైపు ఉంటే మానేద్దాం."

శనివారం అందరికంటే ముందు తలుపు తీసింది చిన్నదే. "అమ్మా! గోడ వైపు లేవు!"

అందరూ పరుగెత్తారు. నిజమే, గోడ వైపు లేవు. మెట్ల వైపూ లేవు. నాలుగు జతలూ గోడకి వీపు పెట్టి, ముక్కుసూటిగా ఎదురుకి చూస్తున్నాయి. అలా నిలబడటం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

తాతయ్య బుర్ర గోక్కుని, నవ్వేశాడు. "ఎప్పుడూ వెళ్ళని చోటికి వెళ్తున్నాం. అందుకే ఎప్పుడూ తిరగని వైపు తిరిగాయి. విదేశమంటే మాటలా మరి!"

పెద్దమ్మ ఫోను తెచ్చి దిక్కులు చూసింది. "అమ్మా, ఆ సముద్రం కూడా సరిగ్గా అటువైపే ఉంది!"

ఇంకేముంది. పది గంటలు దాటాయి, వద్దనుకునే వీలు కూడా దాటిపోయింది. పెట్టెలు మూశారు. పన్నెండింటికి కింద టాక్సీ వచ్చింది. తాతయ్య, పిల్లలు సామానుతో లిఫ్టు దగ్గర నిలబడ్డారు. అమ్మమ్మ తన చెప్పుల్ని వేసుకోవడానికి వీలుగా మెట్ల వైపు తిప్పి పెట్టుకుని, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్ళీ లోపలికెళ్ళింది. అది మూడోసారి. కట్టే ఉంది. తిరిగొచ్చేసరికి చెప్పులు మళ్ళీ ఎదురుకి తిరిగి ఉన్నాయి.

పట్టపగలు అవి తిరగడం ఎవరూ ఎరగరు. అమ్మమ్మ వట్టి కాళ్ళతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమోయ్, లిఫ్టు పట్టుకుని నిలబడ్డాను!" అని అరిచాడు తాతయ్య. "లిఫ్టు మెకానిక్కే లిఫ్టు ఆపాడంటే నలుగురూ నవ్వుతారు!"

"ఏమండీ, విమానం ఎక్కాలన్నా ముందు మెట్లు దిగాలి కదా."

"మెట్లెందుకు? లిఫ్టుందిగా."

"లిఫ్టూ ఎడమవైపే. మరి ఇవి ఎడమకెందుకు తిరగలేదు?"

తాతయ్య లిఫ్టు వదిలేసి వచ్చాడు. నలుగురూ ఆ చెప్పుల కొసల వెంట చూశారు. దారం లాగి పట్టినట్టు, నాలుగడుగుల అవతల మిషను మామ్మ తలుపు.

అప్పుడు వినిపించింది అమ్మమ్మకి, కారిడారులోని నిశ్శబ్దం. గురువారం సాయంత్రం నుంచి మిషను ఆగి ఉంది. ప్రయాణం హడావుడిలో తట్టనే లేదు. ఎంత కాఫీ అయినా రెండు రోజులు తాగరు కదా.

తలుపు తట్టింది. "పిన్నిగారూ!"

"వెళ్ళి... రండమ్మా," అంది లోపల్నించి గొంతు. "టైము... అవుతోంది."

రోజంతా అక్షరాల మధ్య ఖాళీలు చూసే మనిషి అమ్మమ్మ. ఆ మాటల మధ్య ఖాళీలు ఎంతున్నాయో ఆమెకి తెలిసిపోయింది.

"తలుపు తీయండి."

"తీయను. తీస్తే... నువ్వా కాగితంలో... రాయాల్సొస్తుంది. మీరు... వెళ్ళాక తీస్తాను."

"ఎన్నాళ్ళ నుంచి జ్వరం?"

లోపల్నించి దగ్గు వినిపించింది.

ఇరుక్కుపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీసేవాడికి తలుపు గడియ ఒక లెక్కా? తాతయ్య పిల్లల్ని దూరంగా నిలబెట్టి, ఆస్పత్రికి కట్టుకెళ్ళే గట్టి మాస్కులు తను ఒకటి కట్టుకుని అమ్మమ్మకొకటి ఇచ్చి, పనిసంచి తెచ్చాడు. రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. మామ్మ నేల మీద, మిషను కాలికి ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కన నీళ్ళచెంబు బోర్లా పడి ఉంది.

సామాను కోసం పైకొచ్చిన టాక్సీ డ్రైవరు, "ఎయిర్‌పోర్టుకే కదండీ?" అన్నాడు.

"కాదు, ఆస్పత్రికి. జబ్బు మనిషితో. మీరు రానంటే తప్పనుకోను," అన్నాడు తాతయ్య.

డ్రైవరు మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. "నాలుగద్దాలూ దించి ఉంచుతాను, తీసుకురండి," అంటూ మెట్లకేసి పరుగెత్తాడు.

తాతయ్య చేతుల్లో పసిపిల్లలా ఉండి కూడా మామ్మ ఊరుకోలేదు. "అమ్మాయ్, ఇప్పటికైనా... వెళ్ళిపో. నేనెవరికీ... చెప్పను. ఆ పిల్ల... స్విమ్మింగు డ్రెస్సు..."

"రెండంగుళాలు వదిలే కుట్టారుగా పిన్నిగారూ. పైయేటికీ పనికొస్తుంది. మీరు మాట్లాడకండి, ఊపిరి దాచుకోండి."

లిఫ్టు కిందికి వెళ్ళాక అమ్మమ్మ ఎర్ర పెన్ను తీసింది. కాగితంలో 'లేదు' దగ్గర పెట్టిన టిక్కు కొట్టేసి, 'అవును' దగ్గర పెట్టింది. పక్కన తన పొడిసంతకం చేసింది, ప్రూఫులో తప్పు దిద్దినప్పుడు చేసినట్టే. చిన్నది అప్పటిదాకా బింకంగా ఉండి, అప్పుడు ఏడ్చింది. అమ్మమ్మ ఊరుకోమనలేదు. తనూ పక్కన కూర్చుంది.

ఆస్పత్రిలో మామ్మని నాలుగో అంతస్తుకి చేర్చింది తాతయ్య ఏడాదంతా బాగుచేస్తూ వచ్చిన లిఫ్టే. మధ్యలో ఎక్కడా ఆగలేదు. "సాయంత్రం దాకా ఆగుంటే తీసుకొచ్చి లాభం లేకపోయేది," అన్నాడు డాక్టరు.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఆ ఇల్లు దాటకూడదన్నారు. చెప్పులు నాలుగు జతలూ గోడ వైపు తిరిగాయి, తాతయ్య బూట్లతో సహా. మొదటి వారం ఆయన ముందుగదిలోనే ఉన్నాడు. ఎనిమిదో రోజున పరీక్షలో ఎవరికీ ఏమీ లేదని తేలింది. అప్పుడు గుమ్మం దాటి లోపలికొచ్చాడు. గడువు తీరడానికి ఇంకా వారం ఉంది. అమ్మమ్మ పడగ్గదిలో నేల మీద పరుపులు పరిచింది. తాతయ్యకి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు. చిన్నది పొద్దున్నే టబ్బు నింపి, స్విమ్మింగు డ్రెస్సు వేసుకుని అందులో కూర్చునేది. తాతయ్య పక్కన చెంబుతో అలలు తెప్పించేవాడు. ఆ వారమంతా ఏ లిఫ్టూ ఫోన్ చెయ్యలేదు.

ఇరవై మూడో రోజు పొద్దున చెప్పులు మళ్ళీ ముక్కుసూటిగా ఎదురుకి తిరిగాయి. ఈసారి ఎవరూ ఫోనులో దిక్కులు చూడలేదు. మధ్యాహ్నం మామ్మ ఇంటికొచ్చింది. నలుగురూ జావ గిన్నె, నాలుగు కుర్చీలు పట్టుకుని నాలుగడుగులు వేశారు.

"విదేశం పోండర్రా అంటే నా కొంపకొచ్చారా?" అంది మామ్మ.

"ఇక్కడికైతే కాగితాలక్కర్లేదు," అంది అమ్మమ్మ. మామ్మ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఖాళీల్లేవు.

ఆ రోజు నుంచి మామ్మ పాత రబ్బరు చెప్పులు కూడా వీళ్ళ స్టాండు మీదే ఉండేవి. మూడేళ్ళకి సముద్రానికి వెళ్ళిన రోజున ఐదు జతలూ ఎడమకి, మెట్ల వైపు తిరిగాయి. మామ్మ ఇంకా ఇరవై ఏళ్ళకు పైనే బతికింది. పెద్దవాడా, నీ మొదటి పుట్టినరోజు ఫొటోలో చేతులు కనపడకుండా వేలాడే చొక్కా ఉంది చూడు, వదులుగా కుట్టారని నువ్వు వెక్కిరిస్తావే, అది ఎవరు కుట్టారో ఇప్పుడు తెలిసిందా?

ఇంత దూరంలో, ఈ ఇంట్లో మన చెప్పులు తిరగవు. అయినా పొద్దున్నే ఒకసారి చూస్తాను. అందుకే మీ బూట్లు జత చేసి పెట్టమని పోరేది. మీకెప్పుడైనా, ఎక్కడున్నా, అవి కొత్త వైపు తిరిగి కనిపిస్తే, దూరదేశమని సంబరపడి పరుగెత్తకండి. ముందు ఎదురింటి తలుపు తట్టి చూడండి. ఈ మాట మీ పిల్లలకీ చెప్పండి. నేను చెప్పినదాంట్లో ఎక్కడైనా తప్పు దొర్లితే అమ్మమ్మకి ఫోన్ చేసి వినిపించండి. దిద్దించుకుని మరీ చెప్పండి.