ఒడిబియ్యం పోసుకున్న మైలురాయి

నేను ఒక మైలురాయిని. నల్లగొండ వైపు ఒక గుట్టలో పుట్టాను. ఒడ్డెరల ఉలి దెబ్బలు తిని, ఒంటి మీద పట్నం దూరం చెక్కించుకుని, హైదరాబాదు నుంచి బందరుకు పోయే పాత బాట పక్కన, ఎర్రగట్టు ఊరి పొలిమేరలో నిలబడ్డాను. బండ్లవాళ్లు నన్ను చూసి ఎద్దులకు నీళ్లు పెట్టేవాళ్లు. నడిచేవాళ్లు నా నెత్తిన మూట దించుకునేవాళ్లు. అలసినప్పుడు మనుషులకు రాళ్ల మీద కూడా గౌరవం పుడుతుంది.

బాటకు తారు పోసిన ఏడాది కూలీలు నన్ను పెకిలించి పక్క కాలువలోకి దొర్లించారు. ఒక వానాకాలం, కుమ్మరికుంట ఊరి సైదులు నడిపే లారీ జారి ఆ కాలువలోకి దిగి, నాకు ఆనుకుని ఆగింది. సైదులు ఒంటి మీద గీత కూడా పడలేదు. అతని భార్య లచ్చవ్వ ఉరికి వచ్చి, పెనిమిటిని ఒకసారి తడిమి చూసి, నా ముందు సాగిలపడింది. మర్నాడే ఎడ్లబండి కట్టించి నన్ను తమ ఊరికి తెచ్చి, బాట పక్కన నిలిపి, నిలువెల్లా పసుపు పూసింది. నా అంకె మాయమైంది. నేను దేవరనయ్యాను. లారీలవాళ్లు నా ముందు ఆగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పోయేవాళ్లు. దూరం చెప్పడం తప్ప ఏమీ రాని నన్ను ప్రాణాలు కాపాడమంటే ఏం చెయ్యను? ఊరుకున్నాను. దేవుళ్లు చేసేదీ అదేనేమో.

తర్వాత ఊళ్లకు దూరంగా కొత్త రోడ్డు పడింది. పాత బాటను తవ్వేస్తారని, దాని పక్కనున్న చింతచెట్లను వేలం వేస్తారని మాట పుట్టింది. ఆ బాట మీది నాలుగు ఊళ్లూ మొదటిసారి, ఒకప్పుడు బాటసారులు దిగిన పాత సరాయి అరుగు మీద కలిసి కూర్చున్నాయి. ఒక ఊరు రాతి వంతెన బాగుచేస్తానంది, ఇంకొకటి సరాయి కప్పు వేస్తానంది. మైలురాళ్లన్నీ వాటి వాటి చోట ఉంటేనే దీన్ని పాత బాటగా కాపాడతామన్నారు అధికారులు. వరుసలో ఖాళీ ఒక్కటే. అది నాది.

"అక్కా, ఆ రాయి మా పొలిమేరది. అది రాకుంటే బాట నిలువది, చెట్లు నిలువయి," అంది ఎర్రగట్టు సర్పంచు ఆండాలు.

"మా ఆయన ఇంకా లారీ మీదనే తిరుగుతుండు. దేవరను లేపినంక ఆయనకేమన్నయితే నువ్వొస్తవా?" అంది లచ్చవ్వ.

"నన్ను ఆపింది కాల్వల బురదనే," అన్నాడు సైదులు.

"అయితే బురదకు మొక్కుమంటవా? నువ్వు ఊకో!"

అందరూ నవ్వారు, లచ్చవ్వ తప్ప. ఆమె భయం నిజమైనది.

ఆండాలు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "గుంజుకపోతలేమక్కా. ఆడబిడ్డను అత్తింటికి తోలినట్టు ఒడిబియ్యం పోసి తోలు. ఎన్నడొచ్చినా పాదాలకాడ పసుపు నువ్వే పెట్టు. అంకె ఒక్కటి కనపడనియ్యి."

లచ్చవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు శుక్రారం. ఆడబిడ్డను తోలరు. ఐతారం రాండ్రి. డప్పు లేకుంట మాత్రం రాకుండ్రి!"

నాకు ఒడి లేదు. కొత్త చీర చుట్టి, దానికే ఒక మడత పెట్టి బియ్యం పోశారు. నాలుగు ఊళ్ల డప్పులతో ఎర్రగట్టుకు చేరాను. పాత గుంతలో నిలిపి పసుపు కడిగారు. అంకె బయటపడింది.

"ఏం రాసున్నదయ్యా?" అని అడిగింది లచ్చవ్వ.

"పట్నం ఎంత దూరమో రాసుంది," అన్నాడు సైదులు.

"మనూరు ఎంత దూరమో రాయలేదా?"

సైదులు నా చుట్టూ తిరిగి చూశాడు. లేదు. నన్ను చెక్కించినవాళ్లకు కుమ్మరికుంటతో పనిపడలేదు.

ఇప్పుడు సైదులు లారీ ఎక్కిన ప్రతిసారీ లచ్చవ్వ చింతల నీడలో నడిచి వస్తుంది. పసుపు పెట్టి, నాకు వీపు ఆనించి, ఆయాసం తీర్చుకుంటుంది. "మస్తు దూరమిచ్చిన నిన్ను," అని గొణుగుతుంది. పోయే ముందు చెంగుతో నా అంకె మీది దుమ్ము తుడిచి పోతుంది.